కాలు కోల్పోయిన పాత్రను తెర మీద ఎలా చూపాలి?

తిరుపతి నేపథ్యంగా లఘుచిత్రం తీస్తున్నానని, అందులో కథానాయకుడు ప్రమాదంలో కాలు పోయిన యువకుడని, చూసేవారికి కేవలం జాలి కలగకుండా ఆ పాత్రను ఎలా నడపాలని మీరు అడిగారు. తొమ్మిదేళ్ల క్రితం పూతలపట్టు దగ్గర జరిగిన రోడ్డు ప్రమాదం తర్వాత నా కుడి కాలిని మోకాలి కింది నుంచి తీసేశారు. అప్పటి నుంచి కృత్రిమ కాలితోనే తిరుగుతున్నాను కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను.

కాలు అమర్చుకున్న రెండో ఏడాది అలిపిరి దారిలో కొండ ఎక్కాను. గాలిగోపురం దగ్గర ఒక చానల్ విలేకరి నన్ను ఆపి, కాసేపు మాట్లాడించి, "అన్నా, ఆ కాలు ఒకసారి తీసి చేత్తో పట్టుకోండి, షాట్ బాగా వస్తాది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టమని, నా కృత్రిమ పాదం చీలమండ దగ్గర వంగదు గనుక ప్రతి మెట్టుకూ ఒళ్లంతా ఎడమ కాలి మీదికి తెచ్చుకోవాలని చెప్పాను. మరునాడు వచ్చిన కథనంలో ఆ మాటలేవీ లేవు. విషాద సంగీతం, దాని మీద నా కాలు మాత్రమే కనిపించాయి. మా అమ్మ మధ్యలోనే టీవీ ఆపేసి లోపలికి వెళ్లిపోయింది.

మీ పాత్రకు ముందుగా ఒక మామూలు రోజు ఇవ్వండి. పొద్దున సరిగ్గా పట్టిన సాకెట్ (మిగిలిన కాలు దూరే కృత్రిమ కాలి పైభాగం) సాయంత్రానికి వదులవుతుంది, ఎందుకంటే మిగిలిన కాలి భాగం రోజంతా ఒత్తిడికి కొంత కుదించుకుపోతుంది. అప్పుడు ఆఫీసులో ఓ మూలకు వెళ్లి మరో సాక్సు తొడుక్కోవాలి. మే నెల తిరుపతి ఎండలో లోపల చెమట పట్టి కాలు జారుతుంది, తీసి తుడుచుకోకపోతే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. బూటు మడమ ఎత్తుకు సరిచేసిన పాదంతో గుడి ముందు బూట్లు విప్పితే ఒళ్లు వెనక్కి వాలినట్టవుతుంది. చెప్పులు లేకుండా నడిచేవారి కోసమే జైపూర్ పాదాన్ని రూపొందించారు. ఇలాంటి సంగతులు నటుడికి తెలియకపోతే అతను కేవలం కుంటుతాడు, అంతకు మించి ఏమీ చేయలేడు.

రాత్రులు లేని పాదంలో బొటనవేలు దురద పెట్టేది. తమిళనాడులో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన అద్దం చికిత్సను మా ఫిజియోథెరపిస్టు నాకు నేర్పారు. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టుకుని, అందులో కనిపించే ఎడమ కాలి ప్రతిబింబాన్ని కుడి కాలుగా చూస్తూ ఎడమ బొటనవేలు గోక్కుంటే, చాలాసార్లు ఆ దురద తగ్గేది. అది ఎవరికీ కనిపించని బాధ కాబట్టే మీ కెమెరాకు పనికొస్తుందని నా నమ్మకం.

పాత్రకు కాలు కోల్పోయిన నటుడినే వెతకండి. 1981లో ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కాలితో తిరిగి నాట్యం చేసి, 1985 నాటి 'మయూరి'లో తన కథను తానే నటించారు. అది మన తెలుగు సినిమాయే. ఆ తర్వాత కూడా కాలు మడిచి కట్టుకున్న నటులను చూడవలసి రావడం నాకు బాధగా ఉంటుంది. వికలాంగుల చిత్రణపై 2024 జూలైలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా, మమ్మల్ని కించపరిచే మాటలు వాడవద్దని, మా గురించి తీసేటప్పుడు మమ్మల్ని భాగస్వాములను చేసుకోవాలని చెప్పింది. కాబట్టి స్క్రిప్టు పూర్తయ్యాక కాకుండా, రాస్తున్నప్పుడే మాలో ఒకరిని కూర్చోబెట్టుకోండి. అనుమతి దొరికితే తితిదే నడిపే బర్డ్ ఎముకల ఆసుపత్రిలో కృత్రిమ కాలికి కొలతలు ఎలా తీస్తారో ఒక పూట చూడండి.

అలాంటి నటుడు దొరికితే, నిలబడే సన్నివేశాలన్నీ వరుసగా మధ్యాహ్నం పెట్టకండి. షూటింగు జరిగే చోట నీడలో ఒక కుర్చీ, కాలు తీసి తుడుచుకోవడానికి తలుపున్న గది ఒకటి ముందే చూసి ఉంచండి.