ఇంటర్వ్యూలో స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పిందట!

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే చెన్నైలో మెకానికల్ ఫైనలియర్. ఇంటర్వ్యూలో 'యాభై టన్నుల డంపర్ ఎమర్జెన్సీ బ్రేక్ డిస్కుకి ఏ మెటీరియల్ వాడతావు?' అని అడిగితే స్టెయిన్‌లెస్ స్టీల్ అందట. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు కోర్ (సొంత బ్రాంచి ఉద్యోగాలు) వద్దు, సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానంటోంది. మెటీరియల్స్‌లో ఎంటెక్ చేయిస్తే మేలా?
- ఓ తండ్రి, అంబత్తూరు

జవాబు: మీ అమ్మాయి నోటికొచ్చింది చెప్పలేదండీ. బైకు డిస్కులు చాలావరకు స్టెయిన్‌లెస్సే. రోజూ కళ్లెదుట కనిపించేదే చెప్పింది. తిరకాసంతా ఆ యాభై టన్నుల్లో ఉంది.

అంత బరువు గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఆపితే పుట్టే వేడి 25 లక్షల జౌళ్లు. ఎనిమిది లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి! ఆ వేడిని కొద్ది సెకన్లలో డిస్కు మింగాలి. 304 రకం స్టెయిన్‌లెస్‌లో వేడి పారేది గ్రే కాస్ట్ ఐరన్ అనే పోత ఇనుములో పారే దాంట్లో మూడో వంతే. పైపొర కాలిపోతుంటే లోపల చల్లగా ఉంటుంది, డిస్కు వంకర తిరుగుతుంది. పోత ఇనుములోని గ్రాఫైట్ రేకులు వేడిని లోపలికి లాక్కుపోతాయి. అయితే పగులు మొదలయ్యేదీ ఆ రేకుల దగ్గరే. అందుకే ఒత్తిడి ఎక్కువున్న చోట ఎస్‌జీ ఐరన్‌కో (గ్రాఫైట్ రేకులుగా కాక గుండ్రటి ఉండలుగా ఉండే పోత ఇనుము), ఉక్కుకో వెళ్తారు.

నేనైతే స్ప్రింగు గురించి అడిగేవాణ్ని. ఇలాంటి యంత్రాల్లో చాలావాటికి బ్రేకు బిగించేది స్ప్రింగు, వదిలించేది ఆయిల్ ప్రెషర్. గొట్టం పగిలితే బ్రేకు దానంతటదే పడుతుంది. ఏళ్ల తరబడి నొక్కుకుని ఉన్నా పట్టు సడలకూడదు కాబట్టి క్రోమ్-వనేడియం ఉక్కు లాంటివి వాడతారు. ఇంటర్వ్యూలో ఈ మాట ఎత్తేవాళ్లు తక్కువ.

ఎంటెక్‌కి తొందరేం లేదు. చేస్తానంటే ఐఐటీ మద్రాస్‌లో మెటలర్జీ విభాగం ఉంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపరులోనూ మెటీరియల్స్ సైన్స్ సెక్షన్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మీద నిజంగా మోజుంటే వెళ్లనివ్వండి, మొదటి జీతం కోర్‌లో తక్కువే ఉండొచ్చు. ఒక్క ఇంటర్వ్యూ పోయిందని మాత్రం వెళ్లొద్దు.

ముందు ఒక నెల మీ పక్కనే ఏదైనా ఫౌండ్రీకో, భారీ బండ్ల రిపేరు షెడ్డుకో పంపండి. బ్రేకుల కంపెనీలున్న పాడి కూడా మీకు కూతవేటు దూరమే. అరిగిన డిస్కు ఒకటి చేత్తో పట్టుకుని చూడమనండి. నీలం మచ్చలు, వెంట్రుకంత సన్నని పగుళ్లు కనిపిస్తాయి. ఈసారి అదే ప్రశ్న వస్తే లోహం పేరు చెప్పేముందు 'ఎంత వేగం సార్? బ్రేకు ఆయిల్‌లో మునిగి ఉంటుందా, పొడిదా?' అని తనే ఎదురడుగుతుంది.