మొక్కలు నాటేశాం, ఇప్పుడు మున్సిపాలిటీని ఏం అడగాలి?

ప్రశ్న: కార్బన్ తగ్గించుకుందామని మా వీధుల వాళ్లం కొంతమందిమి గ్రూపు పెట్టుకున్నామండీ. మొక్కలు నాటాం, గుడ్డ సంచులు పంచాం, ర్యాలీ కూడా తీశాం. ఆ తర్వాత గ్రూపులో గుడ్‌మార్నింగులే మిగిలాయి. మున్సిపాలిటీ వాళ్లని కలిస్తే 'మంచి పని చేస్తున్నారు' అని పంపించేశారు. ఇక ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు: మంచి పని చేస్తున్నారు అని పంపించేశారంటే మీరు వాళ్లని గట్టిగా ఏమీ అడగలేదన్నమాట. ముందు మీ కార్బన్ లెక్క మీరు తీయండి. ఒప్పుకున్న ఇళ్ల వరకే చాలు, ఏడాది కరెంటు బిల్లులు, వంట గ్యాసు, బండికి పోసిన పెట్రోలు, ఎక్కిన విమానాలు, అన్నీ ఒక చోట రాయండి. ఇంగ్లండులో చెషైర్ దగ్గర యాష్టన్ హేస్ అని వెయ్యి మంది ఉండే ఊరు ఉంది, 2006లో వాళ్లు మొదలుపెట్టింది ఇలాగే, దగ్గర్లోని చెస్టర్ యూనివర్సిటీ విద్యార్థులు ఇంటింటికీ తిరిగి సర్వే చేశారు. పదేళ్లకి వాళ్ల కార్బన్ 24 శాతం తగ్గిందని లెక్క తేలింది. వాళ్లేమీ బ్రహ్మాండం బద్దలు కొట్టలేదు, డ్రయర్ ఆపేసి బట్టలు తీగ మీద ఆరేశారు, విమానాలు తక్కువ ఎక్కారు, కొందరు సోలార్ పెట్టించుకున్నారు, చలి లోపలికి రాకుండా కిటికీల అద్దాలు మార్పించుకున్నారు, అంతే. పక్కింటి వాళ్ల లెక్క తెలిస్తే మన లెక్క తగ్గించాలనిపిస్తుంది కదా, ర్యాలీకి ఆ బలం లేదు.

తర్వాత మున్సిపాలిటీ లెక్క. వాళ్ల సొంత కరెంటు ఎక్కువగా పోయేది వీధి లైట్లకి, నీళ్ల మోటార్లకి. మీటర్ల వారీగా ఏడాది బిల్లులు అడగండి. సోడియం దీపం తీసి ఎల్ఈడీ పెడితే కరెంటు దాదాపు సగం అవుతుందని అందరికీ తెలుసు, ఫొటోలు కూడా బాగా వస్తాయి కాబట్టి అది ఎవరో ఒకరు చేసేస్తారు, నీళ్ల సంగతే ఎవరూ పట్టించుకోరు. అరిగిపోయిన పంపు అదే నీళ్లకి ఎక్కువ కరెంటు తాగుతుంది, పైపు లీకై మట్టిలో కలిసిన ప్రతి బిందెడు నీళ్లనీ తోడి, శుద్ధి చేసి, పైకి ఎక్కించిన కరెంటు కూడా దాంతోపాటే పోయినట్టు. ఇంకోటి తడి చెత్త. డంపింగ్ యార్డులో గాలాడకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. తడి పొడి వేరు చేసి ఇచ్చే బాధ్యత మీరు తీసుకోండి, వేరుగా ఎత్తుకెళ్లే బండి, కంపోస్ట్ చేసే స్థలం వాళ్లు ఇవ్వాలి. మీరు వేరు చేసి ఇచ్చాక వాళ్లు రెండూ ఒకే లారీలో కలిపేస్తే జనం మళ్లీ ఎప్పటికీ మీ మాట వినరు, అందుకే బండి సంగతి తేలాకే ఇళ్లకి వెళ్లండి.

బ్రిటన్‌లో వాతావరణ మార్పుల కమిటీ 2020లో ఒక మాట చెప్పింది, ఒక ప్రాంతం నుంచి వచ్చే ఉద్గారాల్లో, అంటే గాల్లోకి వదిలే కార్బన్‌లో, స్థానిక సంస్థ నేరుగా చేసేది 2 నుంచి 5 శాతమేనట, కానీ ప్రణాళికలు, అనుమతులు, రవాణా లాంటి వాటి ద్వారా దాదాపు మూడో వంతు మీద దాని ప్రభావం ఉంటుందట. కాబట్టి ఆఫీసు పైకప్పు మీద నాలుగు సోలార్ పలకలు పెట్టేసి మా పని అయిపోయింది అంటే ఊరుకోకండి. ఒకేసారి ఇరవై కోరికలు ఇవ్వొద్దు, ఒక్కటి, అదీ బడ్జెట్ రాసే ముందు.

మొక్కలంటారా, నాటింది ఎన్ని అని కాదు బతికింది ఎన్ని అని చూడాలి. కేరళ వయనాడ్‌లో మీనంగాడి పంచాయతీ కార్బన్ న్యూట్రల్ అవుతామని, అంటే వదిలినంత కార్బన్‌నీ సరిపెట్టేస్తామని, 2016లో మొదలుపెట్టి, తర్వాత చెట్లని బ్యాంకులో తాకట్టు పెట్టుకునే పద్ధతి తెచ్చింది, రైతుకి చెట్టుకి ఏడాదికి యాభై రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు, చెట్టు కొట్టేస్తేనే తిరిగి కట్టాలి అని పెట్టారు. నాకైతే భలే నచ్చింది.

ప్రశ్న: మా దగ్గర గాలిమర పెడదామంటే సగం మంది శబ్దం అంటారు, సగం మంది మనకేం లాభం అంటారు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించడం తర్వాత, అది ఎవరిది అవుతుందో ముందు చెప్పండి. డెన్మార్క్‌లో సామ్సో అని నాలుగు వేల మంది ఉండే దీవి, పునరుత్పాదక ఇంధనంతో నడిచే దీవి కోసం 1997లో పెట్టిన ప్రభుత్వ పోటీలో గెలిచింది, 2000లో నేల మీద 11, 2003లో సముద్రంలో 10 గాలిమరలు పెట్టారు. సముద్రంలో వాటిలో ఐదు మున్సిపాలిటీవే, మిగతా వాటిలో కొన్నిటికి మామూలు జనం కూడా వాటాలు కొన్నారు. తమ డబ్బు తిరుగుతుంటే శబ్దం అంత వినబడదు మరి! అక్కడ కూడా కార్లు, పడవలు వెంటనే చమురు మానలేదు, మిగిలిన కరెంటు బయటికి పంపి ఆ లెక్క సరిపెట్టారు, అది మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. తమిళనాడులో ఓడంతురై పంచాయతీ అయితే 2006లో తనే 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది.

కౌన్సిలే అడ్డం తిరిగినా దారి ఉంది. జర్మనీలో షోనావ్ అనే చిన్న ఊళ్లో 1986లో చెర్నోబిల్ అణు కేంద్రం ప్రమాదం తర్వాత కొందరు తల్లిదండ్రులు అణు కరెంటు వద్దని కలిసి, 1991లో ఒకసారి, 1996లో ఇంకోసారి ప్రజల ఓటింగ్ గెలిచి, 1997లో ఊరి కరెంటు లైన్లే కొనేశారు. రెండోసారి గెలిచింది కొద్ది ఓట్ల తేడాతోనే, మొత్తం పదకొండేళ్లు పట్టింది.

ప్రశ్న: మా కార్యక్రమానికి ఒక నాయకుడు వస్తానంటున్నారు. పిలవాలా వద్దా?

జవాబు: రానివ్వండి, మైకు మాత్రం ఇవ్వకండి. యాష్టన్ హేస్ వాళ్లు తమ సభల్లో రాజకీయ నాయకుల్ని మాట్లాడనివ్వలేదు, దాంతో అన్ని పార్టీల వాళ్లూ కలిసి పనిచేశారు. ఆయనకి నిజంగా సాయం చేయాలనుంటే ఆ తడి చెత్త బండికి తీర్మానం చేయించి కాపీ పంపమనండి.