రేడియేషన్, కీమోలో మంచి కణాలు కూడా పోతాయా?

మీ నాన్నగారికి నోటి క్యాన్సర్, కాకినాడలో కీమో, రేడియేషన్ రెండూ ఇస్తామన్నారు, మంచి కణాలు కూడా పోతాయేమో అని అడిగారు. కొంత దెబ్బ తప్పదండీ, కానీ బాగా తగ్గిస్తారు. రేడియేషన్ ఒకేసారి ఇవ్వకుండా వారానికి 5 రోజులు కొద్దికొద్దిగా ఇచ్చేది అందుకే, మధ్యలో దొరికే గంటల్లో మంచి కణాలు తమ డీఎన్ఏని బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకి ఆ పని అంతగా చేతకాదు. అమలాపురం నుంచి మా అమ్మని రేడియేషన్‌కి తీసుకెళ్లినప్పుడు వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని ముఖం మీద పరిచి మాస్కు చేసి, తల కదలకుండా బల్లకి బిగించారు. చూసి హడలిపోయాం గానీ, వెన్నుపాముకి కిరణాలు తగలకుండా గురి కుదిరేది దానివల్లే. కీమోలో సిస్‌ప్లాటిన్ అనే మందు అయితే కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్ ఎక్కిస్తారు. పుచ్చిపళ్లుంటే మాత్రం రేడియేషన్‌కి ముందే చూపించండి, తర్వాత పీకిస్తే దవడ ఎముక మానడం చాలా కష్టం.