మా వాడికి గన్ పేల్చనందుకే ఎక్కువ పాయింట్లు వచ్చాయి

అమెరికాలో పెన్సిల్వేనియాకి కొత్తగా వచ్చామని, 12 ఏళ్ళ బాబు క్లాసులో పిల్లల్ని చూసి, వేటలో జాగ్రత్తలు నేర్పే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి యూత్ హంటర్ ఎడ్యుకేషన్ ఛాలెంజ్ పోటీల్లో చేరతానంటున్నాడని, పంపాలా వద్దా అని అడిగారు. మేం పంపాం. మా ఇంట్లో గుడ్డు కూడా వండం, కాబట్టి నా టెన్షన్ మీకంటే ఒక మెట్టు ఎక్కువే అనుకోండి. ఇండియాలో ఉన్న మా నాన్నగారికి ఫోన్లో చెబితే "వేటంటే జైల్లో వేస్తారు కదమ్మా!" అన్నారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర అంతే మరి. ఇక్కడ లైసెన్సు, సీజను, ఎన్ని కొట్టొచ్చో లెక్క అన్నీ ఉంటాయని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

కోర్సు తేలికే. ఇక్కడ 11 ఏళ్ళు నిండితే సర్టిఫికెట్ ఇస్తారు. మా వాడు పరీక్ష రాసి కార్డు తెచ్చుకున్నాడు. ప్రతి గన్‌లోనూ తూటా ఉందనే అనుకోవాలి, గొట్టం ఎప్పుడూ ఎవరికీ ప్రమాదం లేని వైపే ఉండాలి, ఏం కొడుతున్నావో దాని వెనక ఏముందో తెలియాలి, కొట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. నాలుగూ ఎక్కాల్లా అప్పజెప్పాడు. వాటిలో ఎంత ఒంటపట్టిందో పోటీకి వెళ్ళాకే తెలిసింది.

ఈ పోటీలు ఎన్.ఆర్.ఏ. (తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్) 1985లో మొదలుపెట్టింది. ఆ పేరు వినగానే మావారు మొహం చిట్లించారు గానీ, మేం వెళ్ళినచోట రాజకీయాల మాటే రాలేదు. మొత్తం ఎనిమిది విభాగాలు. రైఫిల్, షాట్‌గన్, గొట్టంలో తుపాకీమందు దట్టించి పేల్చే పాతకాలం తుపాకీ, విల్లంబులు ఒక సగం. మ్యాపు, దిక్సూచితో దారి కనుక్కోవడం, జంతువుల్ని గుర్తుపట్టడం, రాతపరీక్ష, సేఫ్టీ ట్రెయిల్ మిగతా సగం. నన్నడిగితే పిల్లల్ని పంపాల్సింది ఆ రెండో సగం కోసమే.

ట్రెయిల్ అంటే అడవిలో నడక. అక్కడక్కడా ఒక జడ్జి ఉంటారు, ఏదో ఒక చిక్కు పెడతారు. మొదటి ఏడాది మా వాడికి ముళ్ళకంచె వచ్చింది. గన్‌లో ఉత్తుత్తి తూటా, దాటాల్సింది ఒక్కడే. బోల్ట్ (తూటా అరని మూసే కడ్డీ) తెరిచాడు, తూటా తీసి జేబులో వేసుకున్నాడు, గన్‌ని కంచె కిందుగా అవతలికి తోశాడు, వంగి దూరాడు. దూరం నుంచి చూస్తున్న నాకు అంతా సవ్యంగానే అనిపించింది. జడ్జి తెల్లగడ్డం తాత. వీడు లేచి నిలబడ్డాక మెల్లగా "గొట్టం ఎటు చూస్తోంది?" అన్నాడు. వీడు దూరి వచ్చిన చోటుకే చూస్తోంది. నేల మీద పెట్టేటప్పుడే గొట్టం తను దాటే చోటుకి అవతలివైపు తిప్పేసి, తను బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) వైపు నుంచి దాటాలట. పాయింట్లు పోయాయి. వీడి పాయింట్లంటే టీం పాయింట్లు కూడా. ఆ టీంలో మా పక్కింటి అమ్మాయి ఉంది, కారులో వస్తున్నంతసేపూ ఏడిపిస్తూనే ఉంది. ఆ వారమంతా మా పెరట్లో బట్టల తాడు కిందుగా చీపురుకర్ర అటూ ఇటూ దొర్లింది. నేను వందసార్లు చెప్పినా ఆ పని జరిగేది కాదు.

మరుసటి ఏడాది గట్టు మీద పెద్ద కొమ్ముల ఫోమ్ జింకని నిలబెట్టి "కొడతావా?" అన్నారు. "కొట్టను. వెనక ఆకాశమే ఉంది, గట్టు అవతల ఎవరున్నారో ఏమో" అన్నాడు. పూర్తి మార్కులు.

జంతువుల్ని గుర్తుపట్టడంలో మాత్రం మనవాళ్ళకి తిరుగులేదు. బల్ల మీద పుర్రెలు, తోళ్ళు, అడుగుల అచ్చులు పెడతారు, పేరు రాయాలి. బట్టీ కొట్టడం మన పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య కదా! బూడిదరంగు నక్క పుర్రె మీద ఇంగ్లిష్ యూ అక్షరంలా గట్టు ఉంటుందని, ఎర్రనక్కకి అలా ఉండదని మా వాడు నాకే నేర్పాడు.

ఇక నా నిర్వాకం. మొదటి ప్రాక్టీసు రోజున ఫొటో తీద్దామని ఫోను పట్టుకుని రెండడుగులు ముందుకెళ్ళాను. "సీజ్ ఫైర్!" (కాల్పులు ఆపండి) అని ఎవరో అరిచారు. అంతే, వరస మొత్తం ఆగింది. గన్నులు కింద పెట్టి, తూటా లేదని కనపడేలా ఛాంబర్లలో (తూటా అరల్లో) పసుపు ప్లాస్టిక్ జెండాలు గుచ్చి, అందరూ వెనక్కి వచ్చి నిలబడ్డారు. కాల్చేవాళ్ళు నిలబడే గీతని నేను దాటానట. అరిచింది పదకొండేళ్ళ పిల్ల. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా అరవొచ్చు, అరిస్తే పెద్దవాళ్ళైనా ఆగాల్సిందే. మా వాడు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మీరు వీసా మీద ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల వాళ్ళు గన్ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. మీకూ బాబుకీ ఇది ఎలా వర్తిస్తుందో లాయర్‌ని అడిగాకే చేర్పించండి. మేం ఇంట్లో గన్ కొనలేదు, ప్రాక్టీసుకి క్లబ్ వాళ్ళే ఇచ్చారు. మీ దగ్గర క్లబ్ కూడా ఇస్తుందేమో కనుక్కోండి. పోటీల్లో ఉన్నంత మాత్రాన వేటకి వెళ్ళి తీరాలనేమీ లేదు. మా వాడు ఇంతవరకూ వెళ్ళలేదు. వెళ్తానంటే ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.

మొదటి రోజు మీక్కూడా ఇయర్‌మఫ్‌లు, కళ్ళద్దాలు, ఒక మడతకుర్చీ తీసుకెళ్ళండి. కుర్చీ మాత్రం గీతకి బాగా వెనకాల వేసుకోండి.