అడవి మీద బతికే జాతులు మనలో కలిసిపోతేనే వాళ్ళకి మేలు కదా?

రోడ్డు, బడి, ఆసుపత్రి వస్తుంటే ఇంకా దుంపలు తవ్వుకుని బతకడం దేనికి అని మీరు అడిగారు. మాది ఒడిశా రాయగడ జిల్లా, మునిగుడ. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. పసుపు, చింతపండు, అడ్డాకు కొనే వ్యాపారం. కాబట్టి ఇది కొండ మీదివాళ్ళ మాట కాదు, కొండ కింద త్రాసు పట్టుకున్నవాడి మాట. అలాగే చదవండి.

ముందొక సంగతి. ఇక్కడి నియమగిరి కొండల మీదుండే డొంగరియా కోదు ఆదివాసులు వేట మీదే బతికేవాళ్ళు కారు. పోడు చేస్తారు. చోడి (రాగి), సామ, కొర్ర, కంది, అలసంద ఒకే చేనులో కలిపి వేస్తారు. ఇంట్లో గింజలు అడుగంటే వానాకాలం నెలల్లో అడవే ఆదుకుంటుంది. చేదు దుంపల్ని ఉడికించి, పలచగా తరిగి, బుట్టలో వేసి రాత్రంతా పారే గెడ్డలో ఉంచుతారు. చేదంతా నీళ్ళతో పోతుంది. ఏ దుంపకి ఎంతసేపో అక్కడి ఆడవాళ్ళకి తెలుసు. తేడా వస్తే వాంతులే. హాస్టల్లో పెరిగే పిల్లలకి ఇది నేర్పేవాళ్ళు ఉండరు.

బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, దాని గొడవ మీరు విని ఉంటారు. లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ ఫ్యాక్టరీ కోసం కొండ తవ్వాలన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. జిల్లా జడ్జి ఎదుట 12 ఊళ్ళలో సభలు పెడితే 12 ఊళ్ళూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. వార్తాపత్రికల వరకు కథ అక్కడ అయిపోయింది.

కిందనుంచి చూసేవాడిగా నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది పత్తి. గడ్డి మందు తట్టుకునే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. అయినా ఇక్కడ సంతల్లో దొరుకుతుంది, కొంత మన ఆంధ్ర వైపు నుంచే వస్తుంది. విత్తనం, మందు అప్పుగా ఇచ్చి పంట తూకంలో రాబట్టుకుంటారు. ఆ మందు కొడితే కలుపుతో పాటు చెంచలికూర, పొన్నగంటికూర, మాకు పేర్లు కూడా తెలియని ఆకులన్నీ మాడిపోతాయి. రోజూ పొయ్యి మీదికి ఊరికే వచ్చే కూర అది. బుధవారం చాటికోన సంతకి రండి. కొప్పులో చిన్న కత్తి, నెత్తిన అల్లం బుట్టతో ఆడవాళ్ళు దిగుతారు. ఒకప్పుడు ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని వెళ్ళేవారు. ఇప్పుడు బుట్ట నిండా బంగాళాదుంపలు. మా నాన్నకి ఏళ్ళుగా పసుపు అమ్మే ఒక పెద్దాయన మొన్న అన్నాడు: "చేనికి పోతే కూర దొరికేది సావుకారి, ఇప్పుడు దానికీ సంతకే దిగాలి."

అలాగని పత్తి వేసినవాళ్ళని తప్పుపట్టలేను. ఒకేసారి చేతికి డబ్బొచ్చే పంట అది, పిల్లల చదువుకీ మందులకీ డబ్బే కావాలి. 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల మిషన్ చోడిని మద్దతు ధరకి కొంటోంది, మంచిదే. కాకపోతే డబ్బంతా చోడికే వస్తే, కలిపి వేసే చేను కాస్తా ఒంటి పంట అయిపోతుందేమోనని నా అనుమానం.

ఆసుపత్రి విషయంలో మీ మాట నిజం. ఈ కొండల్లో మలేరియా ప్రాణాలు తీసేది. 2017 నుంచి 'దమన్' పేరుతో జ్వరం లేనివాళ్ళకి కూడా ఊరంతటికీ రక్తపరీక్ష చేసి, మందులిస్తున్నారు, దోమతెరలు పంచుతున్నారు. మాకు తెలిసిన ఊళ్ళలో దాన్ని కాదన్నవాళ్ళు లేరు. రోడ్డు దగ్గరే పేచీ. అల్లం దించుకోడానికి కావాలని కొడుకు అంటాడు, దాని వెనకే గని లారీలు ఎక్కుతాయని తండ్రి అంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరిదీ చెరో మాట.