చైన్ సా స్టార్ట్ అయినా రేజ్ ఇవ్వగానే ఆగిపోతుంటే కార్బురేటర్ మార్చాల్సిందేనా?

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. వానాకాలమంతా మూలన ఉన్న 58 సీసీ పెట్రోల్ రంపం చోక్ (గాలిని తగ్గించే మీట) మీద స్టార్ట్ అవుతోంది గానీ రేజ్ ఇవ్వగానే ఆగిపోతోంది. కొత్త చైను వేసినా కోత ఒక పక్కకు వంకరపోతోంది. మెకానిక్ మాత్రం కార్బురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మార్చాలంటున్నాడు. నా సలహా ఏమిటంటే, కార్బురేటర్ ఇప్పుడే కొనకండి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది చాలావరకు పెట్రోలు నడిచే దారిలో ఉంటుంది, రెండోదానికి ఇంజిన్‌తో సంబంధమే లేదు.

మాది ఉద్దానం ప్రాంతం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయినప్పుడు వాటిని తొలగించే పనిలో ఈ మిషన్లతో నాకు పరిచయం ఏర్పడింది. అప్పటినుంచి మా తోటలో ఉన్న రంపాన్ని నేనే విప్పి, బిగించి, పదును పెట్టుకుంటున్నాను. కింద రాసినవి ఆ అనుభవంలో నిలిచిన విషయాలు.

చోక్ వేస్తే నడిచి, చోక్ తీస్తే లేదా రేజ్ ఇస్తే ఆగిపోవడమంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువగా, పెట్రోలు తక్కువగా అందుతోందని అర్థం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్‌కు కావలసిన ఆయిల్ కూడా ఆ పెట్రోలులో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిల్ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, అలాగే సగం చోక్ మీద సర్దుకుంటూ కోతలు కోస్తే పిస్టన్ మీద గీతలు పడి చివరికి పట్టేస్తుంది. అందుకే కారణం తేలేదాకా చెట్టు మీద పెట్టవద్దు.

ముందుగా ట్యాంకులో ఉన్న పాత పెట్రోలును పూర్తిగా పారబోయండి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, చాలా కంపెనీల రంపాల మాన్యువల్‌లు మాత్రం 10 శాతం వరకే అనుమతిస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు చేరుతాయి, ఫిల్టర్ ఉండేది కూడా ఆ అడుగునే. పైగా మామూలు రబ్బరు పైపులు దానికి గట్టిపడి పగులుతాయి. వానాకాలం మూలన పడి ఉన్న మిషన్‌కు ఇంతకంటే పెద్ద అనుమానితుడు లేడు. కొక్కెంలా వంచిన తీగతో ట్యాంకులోంచి ఫ్యూయల్ ఫిల్టర్‌ను పైకి లాగి చూడండి. నల్లబడి ఉంటే కొత్తది వేయండి, అది చాలా చౌక. పైపును వేళ్లతో వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, ముఖ్యంగా ట్యాంకు గోడను దాటే చోట. ఆ పగుళ్లలోంచి పెట్రోలు కారకపోయినా గాలి లోపలికి వెళుతుంది.

కొత్త పెట్రోలు కలిపేటప్పుడు నిష్పత్తి విషయంలో మిషన్ మీద రాసినదే ప్రమాణం. ఈ తరహా 58 సీసీ మిషన్లలో ఎక్కువ వాటికి 25:1 అని ఉంటుంది, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్. స్టిల్, హస్క్‌వర్నా వంటి వాటికి వారు చెప్పిన మంచి ఆయిల్ వాడితే 50:1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. కొలత గ్లాసు లేకుండా అందాజాగా పోసే అలవాటు మా దగ్గర చాలామందికి ఉంది, దాన్ని నేను సమర్థించను. రెండు మూడు వారాల్లో అయిపోయేంత మాత్రమే కలపడం మంచిది.

తర్వాత మూత పరీక్ష. మిషన్ కొంతసేపు నడిచి ఆగినప్పుడు ట్యాంకు మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే, లోపలికి గాలి వెళ్లే రంధ్రం పూడుకుపోయిందన్నమాట. ఎయిర్ ఫిల్టర్ ఎలాగూ శుభ్రం చేయాలి. స్పార్క్ ప్లగ్‌ను విప్పి, మసి తుడిచి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూడండి. సైలెన్సర్ విప్పగలిగితే ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్క భాగాన్ని చూడండి. నున్నగా మెరుస్తుంటే నిశ్చింత. నిలువు గీతలు స్పష్టంగా ఉంటే సమస్య కార్బురేటర్‌ను దాటిపోయింది, దాని మీద డబ్బు పెట్టడం వృథా.

ఇవన్నీ సరిగా ఉంటేనే కార్బురేటర్ జోలికి వెళ్లాలి, అప్పుడు కూడా ముందు రిపేరు కిట్ చాలు. లోపల ఉన్న పలుచని పొరలు, అంటే డయాఫ్రంలు, కాలక్రమంలో బిరుసెక్కి కదలడం మానేస్తాయి, అసలు లోపం సాధారణంగా అదే. ఎక్కువ మోడళ్లలో ఒక మూతకు నాలుగు స్క్రూలు, రెండో మూతకు ఒకటే స్క్రూ ఉంటాయి. నాలుగు స్క్రూల వైపు బాడీకి ఆనుకుని ముందు ప్యాకింగ్, దాని మీద డయాఫ్రం రావాలి. ఒక్క స్క్రూ వైపు దీనికి తలకిందులు, అంటే బాడీకి ఆనుకుని డయాఫ్రం, దాని మీద ప్యాకింగ్. ఈ వరుస మారితే కొత్త కిట్ వేసినా మిషన్ నడవదు, కాబట్టి విప్పేటప్పుడే ఫోనులో ఫొటో తీసుకోండి. ఒక్క స్క్రూ వైపు చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని సూదితో జాగ్రత్తగా తీసి కడగండి. క్లీనర్ స్ప్రే కొట్టే ముందు రబ్బరు భాగాలన్నీ పక్కన పెట్టాలి, రంధ్రాల్లో తీగ దూర్చకూడదు.

ఎల్, హెచ్ అని రాసి ఉన్న స్క్రూలను (ఎల్ స్లోలో, హెచ్ పూర్తి రేజ్‌లో పెట్రోలును సరిచేసేవి) చివరిదాకా ముట్టుకోకండి. నిన్నటిదాకా బాగా నడిచిన మిషన్‌లో ఆ స్క్రూలు వాటంతట అవి పెద్దగా తిరగవు. ఎవరైనా ముందే తిప్పేసి ఉంటే, మృదువుగా చివరిదాకా మూసి, సుమారు ఒక చుట్టు తెరిచి అక్కడి నుంచి సరిచేసుకోవచ్చు. హెచ్ స్క్రూ విషయంలో నేను చెవినే నమ్ముతాను. కొయ్య తగలకుండా పూర్తి రేజ్ ఇచ్చినప్పుడు శబ్దం కాస్త గరగరలాడుతూ, కోతలో పడగానే శుభ్రంగా మారితే పెట్రోలు సరిపోతున్నట్టు. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా, ఈల వేసినట్టు పైకి పోతుంటే పెట్రోలు చాలడం లేదు.

ఇక వంకర కోత. పాత చైనైతే ఒక వైపు పళ్లు అరిగిపోయాయని అనుకోవచ్చు. కొత్త చైనుతో కూడా వంకర వస్తోందంటే నేరం చైను తిరిగే పొడవాటి పలక, అంటే గైడ్ బార్‌దే. బార్‌ను విప్పి, అద్దం పలక వంటి సమతలం మీద అంచు ఆనేలా నిలబెడితే గాడికి అటూ ఇటూ ఉన్న రెండు పట్టాల ఎత్తులో తేడా తెలిసిపోతుంది. తేడా తక్కువైతే చదును ఆకురాయితో సరిచేసి, బయటికి వచ్చిన రేకు అంచులను రుద్దేసి, హాక్సా బ్లేడు ముక్కతో గాడిలోని పొట్టును గీకి తీయండి. కొబ్బరి పొట్టు మిగతా కొయ్యల పొట్టులా రాలిపోదు, పీచుగా గాడిలోనూ క్లచ్ మూత కిందా చుట్టుకుంటుంది, దాంతో బార్ ఆయిల్ రంధ్రం మూసుకుపోతుంది. ఆయిల్ అందని పట్టా త్వరగా అరుగుతుంది, మీ బార్ అలా అరిగిందే కావచ్చు. బిగించాక బార్ కొసను తెల్లటి అట్టకు తగలకుండా దగ్గరగా పట్టి రేజ్ ఇస్తే అట్ట మీద ఆయిల్ చార పడాలి. ఈ ట్యాంకులో వాడేసిన నల్ల ఇంజిన్ ఆయిల్ పోయడం ఊళ్లలో మామూలే గానీ, అందులోని ఇనుప పొడి పంపునూ బార్‌నూ తినేస్తుంది. బార్‌ను చైను మార్చినప్పుడల్లా తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

చైను పని చేసే ముందు, ప్లగ్ క్యాప్ పీకేసి, చేతికి తొడుగు వేసుకుని చేయండి. 0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరాన్ని చెప్పే కొలత) చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, సన్నని త్రీ బై ఎయిట్ లో ప్రొఫైల్ చైనుకు 4 మిల్లీమీటర్లది సరిపోతాయి. ప్రతి పన్నుకూ ఒకే కోణంలో, సాధారణంగా 30 డిగ్రీలు, ఒకే సంఖ్యలో లోపలి నుంచి బయటికి మాత్రమే రుద్దాలి. కోతలో చిన్న చిన్న పెళ్లలు రాలుతుంటే పదును ఉన్నట్టు, పిండిలా రాలుతుంటే పోయినట్టు. మా ఇసుక నేలలో మొదలు దగ్గర కోసేటప్పుడు బార్ కొస ఒక్కసారి నేలను తాకితే చాలు, పొద్దున పెట్టిన పదును ఎగిరిపోతుంది. చైనును వేడిగా ఉన్నప్పుడు బిగించి అలాగే వదిలేయకండి, చల్లారి కుదించుకుపోయినప్పుడు క్రాంక్ బేరింగ్ మీద ఆ లాగుడంతా పడుతుంది.

కిట్ వేసి, పైపు మార్చాక కూడా స్లోలో శబ్దం దానంతట అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే, లేదా మిషన్‌ను పక్కకు వంచినప్పుడు మారుతుంటే, ఇన్‌టేక్ రబ్బరు బూటు గానీ క్రాంక్ ఆయిల్ సీళ్లు గానీ గాలి లాగుతున్నాయి. అది ఇంట్లో తేలే పని కాదు. గాలి పంపుతో ఒత్తిడి పెట్టి లీకు పట్టగలిగే మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి, డయాఫ్రంలు, పైపు, ఫిల్టర్ ఇప్పటికే మార్చారని ముందే చెప్పండి.