జూబ్లీహిల్స్‌లో మీకు నచ్చిన రెస్టారెంట్లు ఏవి?

మాది నెల్లూరు, మూలాపేట. పని మీద సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా మా బావ భోజనానికి జూబ్లీహిల్స్‌కే లాక్కెళ్తాడు, అలా తిరిగి తిరిగి నాకు నచ్చినవి చెప్తున్నా.

స్పైసీ వెన్యూ నాకు మొదటిది. భోజనం సంగతి అలా ఉంచండి, చివర్లో ఆప్రికాట్ డిలైట్ తినకుండా లేవకండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వెళ్లొద్దు, బయట నిలబడే సరికి ఆకలి చచ్చిపోతుంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు కావాలంటే రాయలసీమ రుచులు. ఉలవచారు బిర్యానీకి ఉలవచారు రెస్టారెంట్, పేరులోనే ఉంది కదా.

చేపల పులుసు మాత్రం ఆ చుట్టుపక్కల ఆర్డర్ చేయను. ఒకచోట మెనూలో 'నెల్లూరు చేపల పులుసు' అని చూసి ఆశపడ్డా, వచ్చింది టమాటా గ్రేవీలో వేపుడు ముక్క! మా ఇళ్లల్లో పచ్చి ముక్కే పులుసులో ఉడకాలి, చింతపండు చిక్కగా పిండాలి, మామిడికాయ ముక్కలు పడాలి, మెంతుల వాసన రావాలి. ముక్క చిదరకుండా గరిటె పెట్టకుండా దాకనే పట్టుకుని తిప్పుతారు. పైగా రాత్రి వండింది పొద్దునకి ముక్కకి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది. అప్పటికప్పుడు వండి వడ్డించే హోటల్లో అది కుదరదు, వాళ్ల తప్పు కూడా కాదు. దానికైతే మా ఊరే రండి, మామిడికాయలు దొరికే రోజుల్లో.